నీళ్ళు పడలేదా, గాలి పడలేదా?
ఒక జ్వరానికి మూలం వెదికిన కథ

పుట్టిన ఊరు విడిచి పరాయిచోట కాపురం పెట్టిన ప్రతి కుటుంబంలోను ఒక మాట తరతరాలుగా వినబడుతూ ఉంటుంది. పిల్లవానికి ఒళ్ళు వెచ్చబడినా, కోడలికి ఆకలి మందగించినా పెద్దవాళ్ళు మొట్టమొదట అనే మాట, "ఈ ఊరి నీళ్ళు పడలేదు" అని. బెంగుళూరు దండులో స్థిరపడినవారూ అన్నారు. షోలాపురం మగ్గాల పేటలకు వలస పోయినవారూ అన్నారు. జయపురం, కొరాపుట్టు కొండలవైపు వెళ్ళినవారు మరీ గట్టిగా అన్నారు. మన్యం నీళ్ళు తాగినవానికి చలిజ్వరం తప్పదని మన పెద్దల నిశ్చితాభిప్రాయం.

ఆ మాటను వెక్కిరించడానికి ఈ వ్యాసం వ్రాయడం లేదు. పెద్దలు చూచినది నిజమే. కొత్తచోటికి పోయినవారు జ్వరాన పడినమాట వాస్తవం. దాని కారణం నీటితో ముడిపడి ఉన్నదన్న మాట కూడా వాస్తవమే. కాని ఆ ముడి ఎక్కడ ఉన్నదో తెలుసుకొనడానికి లోకానికి చాలకాలం పట్టినది. ఆ ముడి విప్పిన పని బెంగుళూరు, సికిందరాబాదు, ఉదకమండలం వంటి మనవారు మసలే ఊళ్ళలోనే చాలవరకు జరిగినది. ఉగాదినాడు పంచాంగశ్రవణంలో వానలెన్ని, పంటలెట్లా, రోగభయమెంత అని అడిగి తెలుసుకొనడం మన ఆచారం. రోగం ఎంత వస్తుందని అడిగి ఊరకొనక, ఎక్కడినుండి వస్తున్నదని పట్టుపట్టి అడిగినవారి కథను ఈ పండుగవేళ ఒకసారి స్మరించుకొందాం.

చెడుగాలి వాదం

మలేరియా అన్న మాట ఇటలీ దేశపుది. చెడుగాలి అని దాని అర్థం. సంధ్యవేళ బురదనేలలనుండి, కుళ్ళిన ఆకులనుండి లేచే విషపుగాలి పీల్చడంవల్లనే ఈ జ్వరం వస్తుందని ఐరోపాలోని పండితులు శతాబ్దాలపాటు నమ్మినారు. మన దేశానికి వచ్చిన దొరల వైద్యులూ ఆ మాటే చెప్పినారు.

దీనిని వట్టి మూఢనమ్మకమని కొట్టివేయడానికి వీలులేదు. బురదనేలలు ఎండగట్టినచోట జ్వరాలు తగ్గినవి. రాత్రివేళ కిటికీలు బిగించుకొని పండుకొన్నవారు తక్కువగా జబ్బుపడినారు. మెరకమీది ఇండ్లకంటె పల్లపు ఇండ్లలో జ్వరం హెచ్చుగా ఉండేది. వానకాలం తరువాత విజృంభించేది. సాక్ష్యమంతా సరిగానే ఉన్నది. ముద్దాయి మాత్రం వేరొకడు. కంటికి కనబడే కారణం అసలు కారణానికి పొరుగునే కాపురముంటుంది. అందువల్లనే అది మనలను అంత సులభంగా మోసగిస్తుంది.

మందు లేకపోలేదు. సింకోనా బెరడునుండి 1820లో క్వినైను తీసినారు. నీలగిరులలో సింకోనా తోటలే వేసినారు. జ్వరం తగిలినవానికి క్వినైను పనిచేసేది. కాని తగ్గిన జ్వరం మరుసటి ఏడు మళ్ళీ వచ్చేది. కారుతున్న ఇంటిలో చినుకు పడినచోటనెల్ల గిన్నె పెట్టినట్లు ఉండేది ఆ వైద్యం. కప్పులో చిల్లు ఎక్కడ ఉన్నదో ఎవరికీ తెలియదు.

బెంగుళూరులో ఒక నీళ్ళతొట్టి

రొనాల్డ్ రాస్ 1857లో హిమాలయాల చేరువనున్న అల్మోరాలో పుట్టినారు. తండ్రి సైన్యంలో ఉన్నతోద్యోగి. కుమారునికి చిత్రలేఖనంమీద, కవిత్వంమీద మక్కువ. తండ్రి బలవంతాన వైద్యం చదివినారు. 1881లో ప్రభుత్వ వైద్యశాఖలో చేరి మద్రాసు రాజధానికి వచ్చినారు.

1883లో ఆయనకు బెంగుళూరులో ఉద్యోగం. నివసించడానికి మంచి బంగళా దొరికినది గాని, దోమలు కంటిమీద కునుకు పడనిచ్చేవి కావు. తన గదిలోనే అన్ని దోమలు ఎందుకున్నవని వెదికినారు. కిటికీ బయట ఒక నీళ్ళతొట్టి ఉన్నది. అందులో దోమపిల్లలు గిలగిల తిరుగుతున్నవి. తొట్టిని బోర్లించగానే గదిలో దోమల బెడద తీరిపోయినది.

ఆయన సంతోషించి ఈ విషయం పటాలపు అధికారితో చెప్పినారు. అధికారుల భోజనశాల తోటలోని తొట్లలో, బల్లకోళ్ళకింద పెట్టిన డబ్బాలలో, చివరకు పూలకుండీలలో కూడా దోమలు పుడుతున్నవని, వాటిని ఒలకబోయిస్తే పీడ విరగడవుతుందని సలహా ఇచ్చినారు. ఆ అధికారి హేళన చేసి ఒప్పుకొనలేదు. దోమలను సృష్టించడంలో ఏదో ప్రయోజనం ఉండే ఉంటుందనీ, ప్రకృతి ధర్మాన్ని తలక్రిందులు చేయరాదనీ, ఓర్చుకొనడమే మన విధి అనీ ఆయన వాదం.

ఇక్కడ గమనింపదగిన విశేషం మరొకటి ఉన్నది. ఆనాడు రాస్ తొట్టిని బోర్లించినది నిద్రకోసమే. జ్వరానికీ దోమకూ సంబంధం ఉన్నదని ఆయనకు కలలో కూడా తోచలేదు. మూలం చేతికందినా గుర్తుపట్టలేదు. అది తెలుసుకొనడానికి మరి పదునాలుగు ఏండ్లు పట్టినది.

మాన్సన్ చూపిన దారి, అందులో ఒక పొరపాటు

1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు జ్వరపీడితుల రక్తాన్ని సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అందులో కదలాడే ఒక జీవిని కనిపెట్టినారు. జ్వరం గాలివల్ల కాదు, రక్తంలో చేరిన ప్రాణివల్ల అని తేలినది. ఈ మాటను చాలమంది వెంటనే నమ్మలేదు. నమ్మనివారిలో రాస్ కూడా ఒకరు. ప్రేగులలో పుట్టే విషమే ఈ జ్వరానికి కారణమని ఆయన కొంతకాలం వాదించినారు.

1894లో సెలవుమీద లండను వెళ్ళినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు ఆయనకు ఆ ప్రాణిని కళ్ళారా చూపించినారు. ఈ మాన్సన్ చైనాలోని అమోయ్ రేవులో పనిచేస్తూ 1877లో, బోదకాలు పురుగు దోమ శరీరంలో పెరుగుతుందని కనిపెట్టినవారు. గోదావరి మండలంలో బోదకాలు చూచి ఎరిగిన మనకు ఆ పనియొక్క విలువ వేరుగా చెప్పనక్కరలేదు. బోదకాలు పురుగువలెనే మలేరియా ప్రాణి కూడా దోమలోనికి పోతూ ఉండవచ్చునని మాన్సన్ ఊహ.

అయితే దోమనుండి మళ్ళీ మనిషికి ఎట్లా వస్తుంది? అక్కడ మాన్సన్ దారి తప్పినారు. దోమ రక్తం త్రాగి, నీటిమీద గ్రుడ్లుపెట్టి, ఆ నీళ్ళలోనే చస్తుందనీ, ఆ నీళ్ళు త్రాగినవానికి జ్వరం వస్తుందనీ ఆయన అనుకొన్నారు. అంటే మన ముసలమ్మలు అన్న మాటనే లండనులోని మహావైద్యుడు కూడా అన్నారన్నమాట. నీళ్ళు పడలేదు!

సికిందరాబాదు

1895లో రాస్ సికిందరాబాదుకు వచ్చినారు. బేగంపేటలోని సైనిక వైద్యశాల ఆయన పనిచోటు. జ్వరపీడితులకు దోమలచేత కుట్టించి, ఆ దోమలు చచ్చిన నీళ్ళను, అందుకు ఒప్పుకొన్నవారిచేత త్రాగించినారు. మొదట ఒకరికి ఒళ్ళు వెచ్చబడి ఆశ పుట్టించినది. తరువాతి పరీక్షలు మాత్రం దానిని బలపరచలేదు. గురువు చెప్పిన మాటగదా అని రాస్ ఆ ఫలితాన్ని సర్దిచెప్పుకొనలేదు. నీటి వాదాన్ని మెల్లమెల్లగా ప్రక్కకు పెట్టినారు.

పని సాగుతూ ఉండగానే, ఆ యేడే ఆయనను కలరా నివారణకోసం బెంగుళూరుకు పంపినారు. 1897లో సెలవు తీసుకొని ఉదకమండలం వెళ్ళి, దగ్గరలోని సీగూరు కనుమలో జ్వరాలను పరిశీలించబోగా ఆ జ్వరం ఆయననే పట్టుకొన్నది. కోలుకొని జూన్‌లో తిరిగి సికిందరాబాదు చేరినారు.

అంతవరకు ఆయన పరీక్షించినవి రెండే జాతులు. ఇండ్లలో విరివిగా దొరికే బూడిదరంగు దోమలు ఒకటి, ఒంటిమీద తెల్లచారలు గల దోమలు రెండవది. ఎన్నింటిని కోసి చూచినా వాటి కడుపులో జ్వరప్రాణి జాడ దొరకలేదు. దోమ సిద్ధాంతమే తప్పేమో అనుకొని విడిచిపెట్టడానికి అదే తగిన సమయం. కాని ఆయన ప్రశ్నను మార్చినారు. జ్వరాన్ని మోసేది దోమ అవునా కాదా అని కాక, ఏ దోమ అని అడిగినారు.

ఆగస్టు నడుమ పరిచారకులు తెచ్చిన నీటిపురుగులనుండి వేరొక జాతి దోమలు వెలువడినవి. రెక్కలమీద మచ్చలు గలవి. ఈనాడు అనాఫిలిస్ అని పిలిచేవి అవే. ఆగస్టు 16వ తేదీన హుసేన్‌ఖాన్ అనే జ్వరపీడితుని ఆ దోమలచేత కుట్టించినారు. కుట్టిన దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున ఆయనకు బహుమానం. ఆ దోమలను దినదినమూ కొన్నిగా కోసి పరీక్షిస్తూ వచ్చినారు. ఉక్కపోత. పంకా వేస్తే దోమలు ఎగిరిపోతవని వేయనీయలేదు. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టినవి. 1897 ఆగస్టు 20న మిగిలినవాటిలో ఒకదాని కడుపుగోడలో గుండ్రని కణాలు కనబడినవి. వాటిలో నల్లని రేణువులు. అటువంటి రేణువులు మలేరియా ప్రాణిలో తప్ప ఉండవు. మరునాడు చివరి దోమను కోయగా కణాలు ఇంకా పెద్దవై కనబడినవి. అంటే ఆ ప్రాణి దోమలో చావడం లేదు, పెరుగుతున్నది!

ఏటేటా ఆగస్టు 20ని లోకం దోమల దినంగా పాటిస్తున్నది. ఆ దినం మన తెలుగుగడ్డమీద పుట్టినది.

పిచ్చుకలు చెప్పిన సాక్ష్యం

ఇంత జరిగిన కొద్దివారాలకే రాస్‌ను రాజపుతానాలోని ఖేర్వారాకు బదిలీ చేసినారు. కొంతకాలం పని ఆగిపోయినది. 1898 ఆరంభంలో కలకత్తా చేరి, పక్షులకు వచ్చే మలేరియాను చేపట్టినారు. మహమ్మద్‌బక్స్ అనే సహాయకుడు ఆయనకు కుడిచేయిగా ఉండి దోమలను పట్టి తెచ్చేవారు. దోమ కడుపులో పెరిగిన ప్రాణి ఎక్కడికి పోతున్నదని వెంబడించగా, ఆ యేడు జూలైలో అది దోమ లాలాజలగ్రంథిలో కనబడినది. ఆ దోమలచేత ఆరోగ్యంగల పిచ్చుకలను కుట్టించగా వాటికి జబ్బు వచ్చినది. త్రాగే నీళ్ళద్వారా కాదు, పీల్చే గాలిద్వారా కాదు, కాటుద్వారానే అని రుజువైనది. మనుష్యులలో కూడా అనాఫిలిస్ దోమకాటువల్లనే జ్వరం వస్తుందని అదే ఏడు గ్రాసీ మొదలైన ఇటలీ శాస్త్రజ్ఞులు నిరూపించినారు. ఈ కీర్తి ఎవరిదన్న తగవు చాలకాలం సాగినది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానం వచ్చినది.

ఇప్పుడు పాత సాక్ష్యాలన్నిటిని మరల తిరగవేసి చూడండి. బురదనేలలు ఎండగడితే జ్వరం తగ్గినదెందుకు? దోమ గ్రుడ్లు పెట్టడానికి చోటు పోయినందువల్ల. కిటికీ మూసినవారు బ్రతికినదెందుకు? చెడుగాలి రాక కాదు, ఆ గాలితోబాటు దోమ రాక. మన్యానికి వెళ్ళిన కొత్తవారు పడిపోయినదెందుకు? అక్కడివారు పసితనంనుండి ఆ జ్వరంతో పెనుగులాడి కొంత తట్టుకొనే శక్తి సంపాదించినవారు; అందుకు ఎందరు బిడ్డలను పోగొట్టుకొన్నారో! కొత్తవారికి ఆ శక్తి లేదు. కారణం నీళ్ళలోనే ఉన్నది. కాని కడవలోని నీళ్ళలో కాదు, నిలిచిన నీళ్ళలో.

మూలానికి మరొక మూలం

కథ ఇక్కడితో ముగిస్తే బాగుండును. కాని చరిత్ర అట్లా ముగియనీయలేదు.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో ఏడాదికి సుమారు ఏడున్నర కోట్లమంది మలేరియాపాలై, ఎనిమిది లక్షలమంది మరణిస్తూ ఉండిరని అంచనా. 1953లో జాతీయ మలేరియా నివారణ పథకం ప్రారంభమైనది. ఇంటింటా గోడలకు డి.డి.టి. చల్లినారు. 1958నుండి దానినే నిర్మూలన పథకంగా మార్చినారు. 1965 నాటికి జబ్బుపడినవారి సంఖ్య లక్షకు దిగినది. అందరూ పీడ విరగడైనదనే అనుకొన్నారు. కాని 1976లో 64 లక్షల మందికి మళ్ళీ జ్వరం వచ్చినది.

ఎందుకు? దోమలు మందుకు అలవాటుపడినవి. జ్వరప్రాణి కూడా కొన్నిచోట్ల మాత్రకు లొంగడం మానినది. మందు సరఫరా తగ్గినది. గెలిచినామన్న ధీమాతో నిఘా సడలినది. అన్నిటినిమించి, దోమ పుట్టే నీళ్ళు ఎక్కడివి అక్కడనే ఉన్నవి. పట్టణాలు పెరిగినకొద్దీ అవి ఇంకా పెరిగినవి. గోడమీది దోమను చంపినామే గాని, పెరటిలోని తొట్టిని బోర్లించలేదు. బెంగుళూరులో 1883లో తెలిసిన సంగతినే దేశం మరచినది.

ఆ తరువాత మందుపూసిన దోమతెరలు, త్వరగా రక్తపరీక్ష, మెరుగైన మందులు, నిఘా అన్నీ కలిసి పనిచేయగా 2020లో నమోదైన సంఖ్య రెండు లక్షలకు లోబడినది. ఒక్క మందు చేయలేని పనిని పది పనులు కలిసి చేసినవి.

పైగా దోమ అన్నిచోట్లా ఒకటి కాదు. కొరాపుట్టు కొండలలో జ్వరం మోసే దోమ మెల్లగా పారే సెలయేళ్ళలో, కొండవాలు వరిమళ్ళ ఊటలలో పుడుతుంది. చెన్నై, బెంగుళూరు, ముంబై వంటి నగరాలలోని మలేరియా దోమకు మేడమీది నీళ్ళటాంకులు, బావులు, కొత్తగా కట్టే భవనాలలో నిలిచిన నీళ్ళు ఇష్టం. రాస్ ఆనాడు పనికిరాదని ప్రక్కకునెట్టిన చారలదోమ ఈనాడు డెంగీ జ్వరాన్ని మోస్తున్నది. బూడిదరంగుది బోదకాలును మోస్తుంది. ఒకచోటి మూలం తెలిసినంతమాత్రాన రెండవచోటి మూలం తెలిసినట్లు కాదు. ప్రతిచోటా మళ్ళీ వంగి చూడవలసినదే.

మనకు సంబంధించిన మాట

ప్రవాసాంధ్రులమైన మనకు ఈ కథలో మరొక పాఠం ఉన్నది. ఊరిలో జ్వరాలు రేగినప్పుడు, "ఎక్కడినుండో వచ్చినవాళ్ళు తెచ్చిపెట్టినారు" అనే మాట పుడుతుంది. ఒకనాడు మన తాతలను చూచి స్థానికులు అట్లా అని ఉండవచ్చు. ఈనాడు మేడలు కట్టడానికి దూరదేశంనుండి వచ్చిన కూలీలను చూచి మనలోనే కొందరు అంటున్నారు. ఈ మాటలో కూడా చెడుగాలి వాదంలో ఉన్నంత నిజం ఉన్నది. వలస వచ్చినవాని రక్తంలో జ్వరప్రాణి ఉండవచ్చును; మనుష్యులతోబాటు అది ప్రయాణం చేస్తుంది. కాని ఆ ఊరి తొట్టిలో దోమ పుట్టకపోతే, ఆ మనిషినుండి ఇంకొకరికి అది అంటదు. కూలీని తరిమివేస్తే మూలం తొలగదు. అతనికి రక్తపరీక్ష, మందు, పండుకొనడానికి దోమతెర ఇచ్చి, భవనంలో నిలిచిన నీళ్ళు తీసివేస్తే తొలగుతుంది. మనిషిని నిందించడం సులభం. తొట్టి దగ్గరకు వెళ్ళి వంగి చూడడానికే కొంచెం నడుము నొప్పి.

దోమ గ్రుడ్డునుండి రెక్కలు మొలిచేదాక సామాన్యంగా ఎనిమిది పది దినాలు పడుతుంది. కాబట్టి వారానికి ఒకసారి ఇంటిలోని తొట్లు, కుండీలు, పాతడబ్బాలు ఒలకబోసి, ఆరబెట్టి, మేడమీది టాంకుకు మూత బిగిస్తే చాలు, ఆ వారపు పంట పంటే. ఇది గృహిణులమీద వేయవలసిన భారం కాదు. ఇంటిల్లిపాది పంచుకొనవలసిన పని. పిల్లలకైతే అది ఒక ఆట. అద్దపుగ్లాసులో తొట్టినీళ్ళు తీసి, గిలగిల తిరిగే పురుగును చూపండి. పాఠ్యపుస్తకంలోని పదిపుటలకంటె అది వారికి ఎక్కువ నేర్పుతుంది.

జ్వరమొక్కటే కాదు. పిల్లవాడు చదువులో వెనుకబడితే బద్ధకమంటాము. కంటిచూపు మందగించినదేమోనని చూడము. ఇంట్లో తెలుగు మాట తగ్గిపోతున్నదంటే పిల్లలను కోప్పడతాము. మనమే వారితో ఏ భాషలో మాట్లాడుతున్నామో గమనింపము. ఎదుట కనబడే కారణం అబద్ధం కానక్కరలేదు. అది పొరుగిల్లు మాత్రమే. తలుపు తట్టవలసినది ఆ ప్రక్క ఇంటిది.

ఈ ఉగాదినాడు ఇల్లు కడిగి, గుమ్మానికి మామిడాకులు కట్టి, పచ్చడి నివేదించిన తరువాత, ఒక్కసారి పెరటివైపు కూడా వెళ్ళి రండి. కిటికీక్రింద ఏదైనా తొట్టి ఉన్నదేమో చూడండి. ఉంటే బోర్లించండి. ప్రకృతి ధర్మం ఏమీ తలక్రిందులు కాదు.